మర సమ్మెట వచ్చిన ఏడు

మా ఆయన ఆ యంత్రాన్ని తయారు చేసేదాకా మార్కాపురంలో మా కొలిమి దగ్గర సమ్మెట కొట్టింది నేనే. ఎర్రగా కాలిన ఇనుమును ఆయన పటకారుతో దాగలి మీద పెట్టి, దెబ్బ ఎక్కడ పడాలో చిన్న సుత్తితో చూపించేవాడు. నేను సరిగ్గా అక్కడే వేసేదాన్ని. పెళ్లికి ముందు హనుమంతునిపాడులో మా నాయన కొలిమి దగ్గరే ఆ పని పట్టుబడింది. పలకల గనుల వాళ్లు గడ్డపారలు, ఉలులు మా దగ్గరికే తెచ్చేవారు. "వదిన దెబ్బ పడిన గడ్డపార మొన విరగదు" అనేవాడు గని మేస్త్రీ. ఆ మాట విన్న రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త రోజులు. ఇనుముకు ఇంకా కరువే. పాత ఇనుము కోసం గిద్దలూరు పోయిన మా ఆయన, మూతబడిన నూనె మిల్లు నుంచి తుప్పుపట్టిన ఆయిల్ ఇంజను, ఒక పెద్ద చక్రం, తోలు బెల్టు బండి మీద వేసుకొచ్చాడు. తర్వాత లారీ కమాను పట్టీలు, విరిగిన రైలు పట్టా ముక్క తెచ్చాడు. ఎందుకని అడిగితే "చూస్తావుగా" అన్నాడంతే. మూడు నెలలు నాతో మాట్లాడిందాని కంటే ఆ ఇనుప ముక్కలతో గొణిగిందే ఎక్కువ.

చివరికి అది నడిచింది. ఇంజను ఆడుతుండగా కాలితో మెట్టు తొక్కితే బెల్టు బిగుసుకుని చక్రం తిరిగేది. కమాను పట్టీల చివర బిగించిన ఇనుప దిమ్మ దాగలి మీద దబదబా పడేది. చూడ్డానికి జనం గుంపు కట్టారు. మేస్త్రీ నవ్వుతూ, "అన్న నీకు సవతిని తెచ్చినాడు గదా వదినా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది.

ఇక నాకు మిగిలింది తిత్తి ఊదడం, బొగ్గులు వేయడం. సాయంత్రం కాగానే ఆయన దాని కీళ్లకు నూనె పోసి, మెత్తని గుడ్డతో తుడిచేవాడు. నా అరచేతులు పగిలి నెత్తురు కారిన రోజుల్లో ఒక్కసారైనా ఇంత నూనె రాసిన మనిషి కాదు.

ఒకరోజు ఆయన బొగ్గుల కోసం త్రిపురాంతకం పోయాడు. నేను బెల్టు ఊడదీసి జొన్నల బానలో దాచాను. మర్నాడు మేస్త్రీ గడ్డపారల మోపుతో వచ్చి కూర్చున్నాడు. తిరిగొచ్చిన మా ఆయన బెల్టు కోసం కొలిమంతా వెతికాడు.

"తోలు గదా మావా, కుక్క ఎత్తుకపోయిందేమో" అన్నాను.

"అయితే సమ్మెట తీయి. ఏం చేస్తాం" అన్నాడు.

ఆ రోజు కొట్టినట్టు ఎన్నడూ కొట్టలేదు. మేస్త్రీ "అదీ దెబ్బంటే!" అంటూనే ఉన్నాడు. నా సంబరం నాది. మా ఆయన మొహం మాత్రం చిన్నబోయింది. మేస్త్రీ వెళ్లాక అడిగాను.

"ఏంది, అట్ల ఉండావు?"

పటకారు పక్కన పడేశాడు. "పెండ్లయినకాడి నుంచి కొలిమి నాది, పేరు నీది. త్రిపురాంతకం పోయినా నన్ను 'సమ్మెటామె మొగుడు' అంటారు. ఆ మిషను చేసినాకే నన్నొక మనిషిగా చూసినారు."

ఈ కుళ్లు నాకొక్కదానికే ఉందనుకున్నాను. అదే ఆయన కడుపులో అన్నేళ్లుగా ఉందని తెలియదు. లోపలికి వెళ్లి, జొన్న దుమ్ము దులిపి, బెల్టు తెచ్చి ముందు పడేశాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మంచి కుక్కే. పండ్లు తగలనీలేదు" అన్నాడు.

"రేపట్నుంచి పటకారు నాకియ్యి. మెట్టు నువ్వు తొక్కు" అన్నాను.

పనికి పెద్దయినవాడే పట్టే పటకారును మా ఇళ్లలో ఆడవాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఆయన తల గోక్కుని, సరేనన్నాడు. నా మొదటి మొన వంకర పోయింది, రెండోది మాడిపోయింది. ఆయన పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు. వారానికి చెయ్యి కుదిరింది.

ఆ నెలలోనే పొదిలి నుంచి ఒక రైతు నాగలి కర్రుల కోసం వచ్చాడు. నేను సాగదీసిన కర్రు మొన వేలితో తడిమి చూశాడు.

"ఎంత బాగా వచ్చిందో! మిషను పనే వేరు" అన్నాడు.

నా మొహం మాడింది. పక్కకు చూస్తే ఆయనదీ మాడింది. పేరు ఇద్దరినీ వదిలి మిషనుకే పోయింది.

"ఇంకెన్ని కావాల?" అని ఇద్దరం ఒక్కసారే అడిగాం.