గొలుసు మావయ్య వీసా

మనిషికి తనంత తెలివైనవాడు మరొకడు లేడనిపించే వయసు ఒకటుంటుంది. నాకా వయసు భవానీపూర్‌లో గడిచింది, ఒక మిఠాయి కొట్టు మేడమీద, రెండు గదుల వీసా ఆఫీసులో. ఆ రోజుల్లో నా పనల్లా విదేశాలు చూడబోయేవాళ్ళ దరఖాస్తులు నింపడం. కింద రసగుల్లాల పాకం మరుగుతుంటే, పైన నేను జనం జీవితాలను చిన్నచిన్న గళ్ళల్లోకి కుక్కుతూ కూర్చునేవాణ్ణి. పొద్దస్తమానం ఎవరెవరినో ఏయే దేశాలకో సాగనంపే నేను స్వయంగా దాటిన సరిహద్దు హుగ్లీ నది ఒక్కటే (అదీ బస్సులో, నిలబడి). నాకు పాస్‌పోర్టు కూడా లేదు. అయినా, "అక్కడ చలి ఎలా ఉంటుంది బాబూ" అని ఎవరైనా అడిగితే మొన్ననే అక్కడ జలుబు చేయించుకుని వచ్చినవాడిలా జవాబు చెప్పేవాణ్ణి.

నేనుండేది నదికి అవతల, రైలు పట్టాల పక్కనున్న టికియాపారాలో, మా మావయ్య ఇంట్లో. అమ్మకి సొంత అన్న. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే యార్డులో చేరి, రైలుపెట్టెల బ్రేకులు సరిచూస్తూనే రిటైరైపోయాడు. బంధువుల్లో ఆయన్ని అందరూ గొలుసు మావయ్య అనేవాళ్ళు. అత్త మెడలోకి గొలుసు చేయించి తెచ్చుకున్న పేరు కాదది, రైల్లో గొలుసు లాగి తెచ్చుకున్నది. (అత్త మెడలోది సన్నది. మా వంశంలో బాగా మెరిసింది రైలు గొలుసే.)

ఆ కథ మా పెళ్ళిళ్ళలో రెండో వడ్డనకి ముందు తప్పనిసరిగా వచ్చేది. మావయ్యకి కొత్తగా పెళ్ళయింది. అత్తని తీసుకుని ఊరికి వెళ్తున్నాడు. ఒడిశాలో ఏదో జంక్షన్‌లో అత్త మంచినీళ్ళకి దిగింది. రైలు కదిలిపోయింది. మావయ్య చూశాడు, లేచాడు, గొలుసు లాగాడు. "ఒరే, ఒక్క లాగుకి బండి ఆగిపోనాదంటే ఏటనుకున్నావు? ఆ పెట్టి మా యార్డుదిరా. ఆ గొలుసు బాగోగులు సూసినోడ్ని నానే" అని ఆయన మీసం సవరించుకునేవాడు. తర్వాత రైల్వే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. రైల్వేవాడివై ఉండి రైలాపుతావా అని జరిమానాతోపాటు కోర్టు లేచేదాకా ఖైదు కూడా వేశారు. అంటే, మేజిస్ట్రేటుగారు సాయంత్రం కుర్చీలోంచి లేచి వెళ్ళేదాకా ఆ హాల్లోనే ఒక మూల బెంచీ మీద కూర్చోవాలి. చట్టం లెక్కలో అది జైలు. మావయ్య లెక్కలో అది అండమాన్. ఆ తీర్పు కాగితాన్ని ఆయన లామినేషన్ చేయించి గోడకి తగిలించాడు. కథ మొదలవగానే అత్త మాత్రం ఏదో మాడుతోందంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది. పొగడ్తకి సిగ్గు పడుతోందని మేమంతా అనుకునేవాళ్ళం.

మావయ్య రిటైరైన ఏడాది, మా కింది వాటాలో ఉండే బెంగాలీ బౌది (అంటే వదినగారు) ఎక్కడో మంచు కొండల దేశం చూసొచ్చి, ఫోనులో బొమ్మలు చూపించింది. తెల్లటి మంచు మధ్య ఎర్రటి రైలొకటి పాకుతూ పోతోంది. అత్త ఆ బొమ్మని వేలితో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసింది. జీవితమంతా కిటికీ ముందు రైళ్ళు పోతుంటే అన్నం వండిన మనిషి. మావయ్యకి దేశమంతా తిరగడానికి పాసులుండేవి గాని, ఆయన దేశం పలాసతో మొదలై శ్రీకాకుళం రోడ్డుతో అయిపోయేది. ఆ రోజు అత్త నోరు విప్పి ఒక కోరిక అడిగింది. "ఒక్కపాలి ఆ బండిలో కూకోవాలండి." ఇంతకుముందు ఆవిడ ఏదీ అడగని కారణాన ఆ కోరికని కాదనే అలవాటు మావయ్యకి లేకపోయింది. వెంటనే ఒప్పుకున్నాడు. ఒక షరతు మాత్రం పెట్టాడు. "భాష తెలిసినోడు ఒకడుండాల. ఈ గుంటడు కూడా వస్తాడు." అలా నాకు మొదటి పాస్‌పోర్టు వచ్చింది, మా ఇంటి దరఖాస్తులు నింపే గౌరవమూ దక్కింది. (ఏ దేశమో చెప్పను. మళ్ళీ వాళ్ళ గుమ్మం ఎక్కాల్సి రావచ్చు.)

అన్ని గళ్ళూ చకచకా నింపుకుంటూ వచ్చి ఒక ప్రశ్న దగ్గర ఆగాను. 'మీరు ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా, ఏదైనా నేరానికి శిక్ష పొందారా?' రోజూ వందమందికి అడక్కుండానే 'లేదు' అని నొక్కేసే ప్రశ్న అది. గోడకేసి చూశాను. లామినేషన్ తళుక్కుమంది.

"లేదని రాసీయ్" అంది అత్త, చాట కింద పెట్టి.

"లేదేటి? అవునని రాయి. ఇంకా జాగా ఉంటే ఎందుకో కూడా రాయి" అన్నాడు మావయ్య.

"ఎప్పుడో జరిగినాది. ఆళ్ళకేటి తెలస్తాది?"

"ఆళ్ళకి తెల్దనే కదేటి అడిగినారు? తెలిస్తే ఎందుకడుగుతారు?"

"మీ గొప్పకి నా పేనం తియ్యకండి. నాను మంచు సూడాల."

ఇద్దరూ నాకేసి చూశారు. ఇంట్లో నిపుణుణ్ణి నేనే మరి. నిపుణుడు మర్నాడు ఆఫీసుకెళ్ళి, ఎవరో తెలిసినవాళ్ళ సంగతన్నట్టు, యజమానిని అడిగాడు. ఆయన బెంగాలీ, అందరికీ దాదా. చాయ్ గుటకేసి, "వాళ్ళు కాదంటే మళ్ళీ అడగొచ్చు భాయ్. అబద్ధం దొరికిందంటే మళ్ళీ అడిగే ముఖముండదు. చిన్న నేరానికి వీసా ఆగడం నేను చూళ్ళేదు, దాచిన చిన్న నేరానికి ఆగడం చాలా చూశాను" అన్నాడు. తర్వాత చాయ్ కింద పెట్టి, "ఇంతకీ మీ మావయ్య ఏం చేశాడు?" అన్నాడు.

'అవును' అని నొక్కాను. తీర్పు కాగితాన్ని గోడ మీంచి దించి నకలు తీశాను. దానికి తోడు ఒక వివరణ లేఖ ఉండాలన్నారు. ఆ లేఖ మీద నేను పెట్టిన కష్టం పరీక్షల మీద పెట్టి ఉంటే ఈపాటికి వేరే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. నాలుగు ముక్కల్లో తేలిపోయే దానికి రెండు పేజీలు రాశాను. అందులో కదిలిపోతున్న రైలుంది, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా మిగిలిపోయిన నవవధువుంది, ఆమె చేతిలో ఒలికిపోతున్న మరచెంబుంది, 'కర్తవ్యానికీ అనురాగానికీ మధ్య నలిగిన యువకుడు' ఉన్నాడు. మావయ్యకి చదివి వినిపిస్తే కళ్ళు చెమర్చాయి. అత్తకి వినిపించబోతే ఏదో మాడుతోందంటూ వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఆ వేళ ఏమీ లేదు.

ఇంటర్వ్యూ రోజు మావయ్య పెళ్ళిళ్ళకి కట్టే పంచె కాదని ప్యాంటు వేసుకున్నాడు. ముగ్గుర్నీ ఒకే కిటికీకి పిలిచారు. గాజు అవతల నా వయసున్న ఒక విదేశీ అమ్మాయి, ఆమె పక్కన హిందీ, బెంగాలీ తర్జుమా చేయడానికి ఒక పెద్దమనిషి. మొదట అన్నీ మామూలు ప్రశ్నలే. ఎన్నాళ్ళుంటారు, ఖర్చు ఎవరిది, తిరిగి ఎందుకొస్తారు. (చివరిదానికి మావయ్య, "పెన్షన్ ఇక్కడే కదా" అన్నాడు. అంతకంటే మంచి జవాబు నేను ఇప్పటికీ ఎవరికీ నేర్పలేకపోయాను.) తర్వాత ఆమె నా రెండు పేజీల లేఖ తీసింది. కిందిదాకా చదివింది. ముఖంలో అనురాగమూ కనపడలేదు, కర్తవ్యమూ కనపడలేదు.

"మీరు ఒక రైలుని అక్రమంగా ఆపారు. వందలమందికి ఇబ్బంది కలిగించారు. రైల్వే ఉద్యోగిగా అది తప్పని మీకు తెలుసు. అవునా?"

తర్జుమా పెద్దమనిషి దాన్ని హిందీలోకి మార్చేసరికి ఇంకాస్త గట్టిగా తయారైంది. మీసం మీదికి వెళ్ళబోయిన మావయ్య చెయ్యి మధ్యలో ఆగిపోయింది. పెళ్ళిపందిట్లో ఎవరూ ఆయన్ని అలా అడగలేదు. "జీ," అన్నాడు తలొంచుకుని, "గల్తీ హోగయా." తప్పయిపోయిందని. యార్డులో ఫోర్‌మన్ ముందు కూడా తల వంచలేదని చెప్పుకునే మనిషి.

అప్పుడు అత్త కిటికీ దగ్గరికి జరిగింది. ఇన్నేళ్ళు చేపల బజార్లో బేరమాడిన బెంగాలీలో, తడుముకోకుండా చెప్పింది. "దీదీ, ఉని టానేన్ ని. ఆమి టేనేఛి." ఆయన లాగలేదు, లాగింది నేను అని.

నాకు కాళ్ళ కింద నేల హుగ్లీలోకి జారిపోయినట్టయింది. తర్జుమా పెద్దమనిషి మాట మార్చడం మరిచిపోయి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ అమ్మాయి అతన్ని తట్టాల్సి వచ్చింది. అత్త ఆగలేదు. నీళ్ళకి దిగింది మావయ్యే. తీరా దిగాక, పక్క లైన్లో నిలబడ్డ పెట్టె బ్రేకు ఏదో తేడాగా చప్పుడు చేస్తోందని వొంగి చూస్తూ నిలబడిపోయాడు. తమ బండి కదిలింది. ఊరు తెలియదు, భాష తెలియదు, పెళ్ళై పట్టుమని పది రోజులు కాలేదు. తనే బెంచీ ఎక్కి, రెండు చేతులతో గొలుసు పట్టుకుని వేలాడింది. బండి ఆగాక ఈయన పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. పోలీసులొచ్చి ఎవరు లాగారంటే, "నానే" అన్నాడు.

నా లేఖ ఆ అమ్మాయి చేతిలో ఇంకా ఉంది. అందులోని నవవధువు ఇంకా ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది. అబద్ధం దొరికితే ముఖముండదన్న దాదా మాట నా చెవిలో మోగుతోంది. ఎర్ర రైలు మా ముగ్గుర్నీ వదిలేసి వెళ్ళిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"సర్," అంది ఆ అమ్మాయి, "అయితే మీరెక్కడున్నారు?"

మావయ్య అత్తకేసి ఒకసారి చూశాడు. "ప్లాట్‌ఫారం" అన్నాడు.

"లాగింది మీరేనని ఎందుకు చెప్పారు?"

నేను అనురాగం కోసం చెవులు రిక్కించాను. మావయ్య గొంతు తగ్గించి, తర్జుమా ఆయనకి మాత్రమే వినపడేలా హిందీలో చెప్పాడు. ఆయన మళ్ళీ ఒకసారి అడిగి రూఢి చేసుకుని ఇంగ్లీషులోకి మార్చాడు. "భార్యని కోర్టులో నిలబెట్టలేనన్నాడు మేడమ్. అదీకాక, రైల్వేవాడు రైలు అందుకోలేకపోయాడని యార్డులో తెలిస్తే ఎలాగన్నాడు. దానికన్నా నేరస్థుడు కావడమే నయమనిపించిందట."

ఆ అమ్మాయి కాసేపు కంప్యూటరు మీద ఏదో కొట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "మేం అడిగింది శిక్ష పడిందా అని. పడింది. మీరు అవునన్నారు. అది నిజం. గొలుసు ఎవరు లాగారన్నది మీరిద్దరూ ఇంటి దగ్గర తేల్చుకోండి." మూడు పాస్‌పోర్టులూ తన వైపు ఉంచేసుకుంది. అలా ఉంచుకున్నారంటే వీసా వచ్చినట్టేనని మా వృత్తిలో అందరికీ తెలుసు. నేను మాత్రం నమ్మలేక అక్కడే నిలబడితే, "మీరు వెళ్ళబోయే రైళ్ళలో కూడా గొలుసుంటుంది. దయచేసి ఎవరూ ముట్టుకోకండి" అని, తర్వాతివాళ్ళని పిలిచింది.

బయట పేవ్‌మెంటు మీద మట్టికప్పుల్లో చాయ్ తాగాం. మావయ్య అత్తకి కాస్త ఎడంగా, వీసా రానివాడిలా నిలబడ్డాడు.

"వీసా వచ్చీనాది. పరువు పోనాది" అన్నాడు రోడ్డుకేసి చూస్తూ.

"ఎవులికి తెలిసినాది? ఆ గుంటకి తెలిసినాది. ఆవిడ మన పెళ్ళిళ్ళకి వస్తాదేటి?" అని అత్త నా వైపు తిరిగింది. "నువ్వేటి విన్నావు?"

"ఏమీ వినలేదత్తా."

"అదీ."

మావయ్య ఇంకో చాయ్‌కి వెళ్ళినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను. అన్నీ సవ్యంగా సాగుతుంటే మధ్యలో ఎందుకు చెప్పావత్తా, ఆ ఒక్క మాటకి మంచు మొత్తం కరిగిపోయేది కదా అని. నిపుణుడి హోదాలో కొంచెం విసుక్కున్నాను కూడా. అత్త కప్పు అడుగున మిగిలిన చాయ్ కేసి చూస్తూ చెప్పింది. "మనోళ్ళ దగ్గర గొప్పలకి సెప్పుకుంటే నాకేటి, సెప్పుకోనీ. నా పని నాను సేసుకున్నాను. ఊరూ పేరూ తెల్దు, ఆ పిల్ల ఎదర తల దించీసినాడ్రా. సేసింది నాను. ఆయన దించడమేటి?"

ఆ వయసులో నాకు ఆ జవాబు తిక్కగా తోచింది. మంచు చూశాం, ఎర్ర రైలెక్కాం. అత్త కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంటే, మావయ్య దారిపొడుగునా ఆ దేశం బ్రేకులకి వంకలు పెట్టాడు. తిరిగొచ్చాక పెళ్ళిళ్ళలో గొలుసు కథ ఎప్పటిలానే సాగింది, అత్తా నేనూ కిమ్మనలేదు. (ఇప్పుడు రాస్తున్నది అత్త అనుమతితోనే. మా మావయ్య రైల్వే టైంటేబుల్ తప్ప అచ్చులో ఉన్నదేదీ చదవడు.) ఈమధ్య మా ఇంటికి ఎవరైనా వస్తే నేనూ ఏవో కథలు చెబుతుంటాను, ఉద్యోగంలో నా తెలివి గురించి, పెళ్ళిచూపుల్లో నా ధైర్యం గురించి. మా ఆవిడ అడ్డు చెప్పదు, కూరగాయలు తరుక్కుంటూ వింటుంది. ప్రతి కథకీ ఇంకో రూపం ఆవిడ దగ్గర భద్రంగా ఉందేమోనన్న అనుమానం ఒక్కోసారి వస్తుంది. గొంతు కొంచెం తగ్గిస్తాను, కథ మాత్రం ఆపను.