సన్యాసి పీతల ప్రాజెక్టు

శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నప్పుడు నా ప్రాజెక్టు సన్యాసి పీతల మీద. ఖాళీ గవ్వల్లో దూరి బతికే చిన్న పీతలవి. ఒళ్లు పెరిగితే పాత గవ్వ వదిలి పెద్దది వెతుక్కుంటాయి. ఏ గవ్వ ఎంచుకుంటాయో చూడటం నా పని. భావనపాడు ఒడ్డున ఏరుకొచ్చి, కాలేజీ ల్యాబులో గాజు తొట్టెల్లో పెంచేదాన్ని.

మాది పాలకొండ వైపు, వరి పండించే ఇల్లు. "సేపల సదువు సదివి ఏటి సేస్తాదో" అని బంధువులంటుంటే అమ్మ నన్ను వెనకేసుకొచ్చేది. అందుకే కాబోలు, ఆ పీతలు చస్తే నా చదువు అక్కడితో సరి అన్నంత భయం పట్టుకుంది. క్లాసులో కూర్చున్నా ధ్యాస ల్యాబు మీదే. గాలి పంపు ఆడుతోందా, నీళ్లు వేడెక్కాయా? టిఫిను మానేసి పొద్దున్నే తొట్టెల దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆదివారాలు ఇంటికెళ్లడం మానేశాను. దువ్వెన నిండా జుట్టు వచ్చేది.

ఎండలు ముదిరాక ఒకరోజు కరెంటు పోయింది. మధ్యాహ్నం వెళ్లి చూసేసరికి కొన్ని పీతలు గవ్వలొదిలేసి, మెత్తటి ఒంటితో తొట్టె అడుగున పడున్నాయి. నీళ్లలో గాలి చాలకపోతే అలా బయటికొస్తాయి. మర్నాడే కొత్త సముద్రపు నీళ్ల కోసం భావనపాడు బయల్దేరాను. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలు తోడొచ్చింది.

డబ్బాలు నింపి ఇసుకలో మోసుకొస్తుంటే గుండె దడదడ మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎంత పీల్చినా ఊపిరి చాలట్లేదు. డబ్బా వదిలేసి కూలబడ్డాను. చచ్చిపోతున్నాననే అనుకున్నాను.

"ఒసే, ఏటయ్యిందే? పొద్దున్న ఏటి తిన్నావు?"

"ఏటీ లేదు."

"మరి నిన్న?"

గుర్తు రాలేదు.

"ఆస్పత్రికి ఎల్దాం, లెగు."

"పీతలు సచ్చిపోతాయే..."

"నువ్వు సచ్చేలా ఉన్నావు! లెగమంటన్నాను."

టెక్కలిలో డాక్టరమ్మ చూసి గుండె బాగానే ఉందంది. రక్తం తక్కువ, నిద్ర తక్కువ, కంగారు ఎక్కువ. తిరుగు బస్సులో స్నేహితురాలు నీళ్ల డబ్బాలు కాళ్ల దగ్గర ఉంచుకుని, నా చేతిలో అరటిపళ్లు పెట్టి, అవి తినేదాకా వదల్లేదు.

ల్యాబు మేడంకి చెప్పడానికి భయపడ్డాను. ప్రాజెక్టు తీసేస్తారనుకున్నాను. ఆవిడ ముందు కోప్పడ్డారు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" కాసేపటికి తొట్టెలు సగానికి తగ్గించి, జూనియర్లతో వంతులు వేశారు. నా వంతు కాని రోజు ల్యాబులో కనిపిస్తే ఊరుకోనన్నారు.

మొదట్లో ఆ ఖాళీ రోజులే నరకం. అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగేది కాదు. జూనియర్లకి ఫోన్ చేసి విసిగించేదాన్ని. "అక్కా, బాగానే ఉన్నాయి, నువ్వు పడుకో" అని ఒకమ్మాయి ఫోటో పంపేది. అయినా ఇంకొన్ని పోయాయి. ఏడ్చాను. మిగతా వాటితోనే పని సాగింది.

వైవాలో పీతలు ఇంత తక్కువేమిటని అడిగారు. కరెంటు సంగతీ నా ఒంటి సంగతీ రెండూ చెప్పాను. పాసయ్యాను. ఆ దడ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది.

బతికిన పీతల్ని సముద్రంలో వదిలేటప్పుడు అమ్మని తీసుకెళ్లాను. అవి తడి ఇసుకలో పాకుతుంటే వంగి చూసి, "ఈటి కోసమా తిండి మానేసినావు?" అంది. అవునన్నాను. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఆఖరిది అలలోకి పోయేదాకా నిలబడింది.