పాడే నోరు, మిగిలిన విత్తనం

కరువు గురించి రాసేవాడు ఏడ్చి తీరాలని మీకెవరు చెప్పారు?

నాకూ ఎవరూ చెప్పలేదు. అయినా కళ్యాణదుర్గం దగ్గరి మా చేని మీద, మా చిన్నతనం మీద రాసిన గేయ నవలను కన్నీళ్లతో నింపేశాను. అచ్చుకు ఇచ్చేముందు అక్కకు వినిపించాను. పంచలో కూర్చుని విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తోంది. మూడో పాట దగ్గరే నన్ను ఆపేసింది.

"ఏమప్పా, మనింట్లో దినామూ పీనుగు లేసినట్ల రాసినావే! మనం నగనే లేదా? అమ్మ పాడిచ్చింది యాడ పోయింది? అది లేకుంటే నన్ను దీంట్లో పెట్టద్దు."

నిజమే, అది రాయలేదు. విత్తే రోజులు దగ్గరపడితే ఇంటిల్లిపాదీ చేటల ముందు కూర్చునేవాళ్లం. గింజ చితకకూడదు, పొర ఊడకూడదు. అన్నిటికన్నా, తినకూడదు. తింటే చేలో ఆ మేర బోసిపోతుంది. మాకేమో ఆకలి. అమ్మ కొట్టలేదు, దేవుడి పేరు చెప్పి భయపెట్టలేదు. ఒలిచినంతసేపూ పాడమంది. పాడే నోరు నమలలేదు కదా! నా పాట ఆగితే చాలు, "ఏమిరా, గొంతులో ఏం పడింది? నోరు తెరువు" అనేది.

తెలిసిన పాటలు అయిపోతే మేమే కట్టేవాళ్లం. నాయన తెగిన చెప్పు మీద, మా కుంటి మేక మీద. అక్క ఒక చరణం విసిరితే నేను ప్రాస అందుకునేవాణ్ని. నవ్వలేక పొట్టలు పట్టుకునేవాళ్లం.

ఒకరోజు వీధిలో పోతున్న పెద్దాయన మా పాటలు విని, వాన కోసం భజన అనుకుని ఆగి చేతులు జోడించాడు. "నీ పిల్లోళ్ల భక్తికి వాన వచ్చి తీరుతాదమ్మా."

"వాన సంగతి నాకు తెల్దు మామా," అంది అమ్మ. "విత్తనమైతే మిగుల్తాది."

నేను విన్న మొదటి హేతువాద ప్రసంగం అదే. ఆ ఏడు వాన ఆలస్యంగానే వచ్చింది. విత్తనం మాత్రం సిద్ధంగా ఉంది.

నవలలోంచి ఆకలిని తీసేయలేదు. పాటలు చేర్చి మళ్లీ అక్క దగ్గరికి పోయాను. కుంటి మేక పాట రాగానే తనే అందుకుని చివరిదాకా పాడింది. తర్వాత చేటలోంచి గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోసింది.

"ఇంగ తిను. పెట్టుకోపో నన్ను దాంట్లో."

మీ ఇంట్లోనూ ఆచారమనో, భక్తి అనో పేరుపడ్డ పని ఏదో ఉండే ఉంటుంది. దండం పెట్టి ఊరుకోకండి. ఎందుకు చేశారో అడగండి. చెప్పగల మనిషి ఎదురుగా ఉండగానే, ఈరోజే అడగండి.