మొరం తొవ్వకు తగిన సైకిలు

నాంపల్లి స్టేషను వెనక రైల్వే క్వార్టర్లలో జిప్పోరా ఇల్లు ఎక్కడని అడిగితే కొందరు తల గోక్కునేవారు. సైకిల్ టీచరమ్మ ఇల్లు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకొచ్చి గుమ్మం ముందు నిలబెట్టేవారు. ఆమె అబిడ్స్‌లో ఒక మిషను బడిలో డ్రిల్ టీచరు. ఉద్యోగంలో చేరిన 1984 నుంచి ఎండైనా వానైనా లేడీస్ సైకిలు మీదే బడికి. సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు కొనుక్కుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లతో, నడుము నిటారుగా పెట్టి ఆమె చౌరస్తా దాటుతుంటే బస్సు డ్రైవర్లు కూడా ఓపిక పట్టేవారు. ఓపిక పట్టనివాళ్ళకు ఆమె మెడలో డ్రిల్లు ఈల ఉండనే ఉంది.

సైకిలు పిచ్చి ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన మెదక్ వైపు ఏదులగూడెంలో ఉపదేశి. అంటే పాస్టరు అయ్యగారు నెలకొకసారి వస్తే, మిగతా ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ప్రార్థనలు జరిపేవాడు. ఆ తిరుగుడంతా సైకిలు మీదే. ఏడాదికోసారి పాటల పుస్తకాల కోసం అబిడ్స్‌దాకా తొక్కుకుంటూ వచ్చి, మర్నాడు వెనుక క్యారియరు మీద కట్ట కట్టుకుని తొక్కుకుంటూనే పోయేవాడు. ఒకవైపు తొంభై నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదేళ్ళ జిప్పోరా ఆ పెద్ద సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కైంచి తొక్కుడు తొక్కుతూ నేర్చుకుంది.

2006 నవంబరులో ఏదులగూడెం కోత పండుగకు భర్తతో కలిసి బస్సులో వెళ్ళింది. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు బలిపీఠం ముందు పేర్చి, పాటలు పాడి, సాక్ష్యాల దగ్గరికి వచ్చారు. దేవుడు ఆ ఏడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి నలుగురి ముందూ చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. జిప్పోరా కూడా లేచింది. నలభై ఆరేళ్ళు వచ్చినా కీళ్ళు గట్టిగా ఉన్నందుకు స్తోత్రం చెప్పింది. అక్కడితో కూర్చోవలసింది. గోడకున్న తండ్రి ఫొటో కంటబడింది, నోరు ఆగలేదు.

"వచ్చే యేడు గీ పండుగకు నేను నాంపల్లి నుంచి సైకిల్ మీద వస్త. మా నాయిన లెక్క," అనేసింది.

అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని మెత్తగా అన్నారు, "అమ్మా, సాక్ష్యమంటే జరిగిన సంగతి చెప్పేది. జరగబోయేది సాక్ష్యం కాదు కదా."

సంఘ పెద్ద రాజమల్లు మాత్రం వదల్లేదు. "దేవుని గుడిల అన్న మాట అయ్యగారూ. మేం యాది పెట్టుకుంటం," అన్నాడు. అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. ఇక వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. ఇంట్లో అన్న మాటైతే మర్చిపోవచ్చు, మూడు వందల మంది ఆమేన్ కొట్టిన మాటను ఎలా మరిచేది?

తిరుగు బస్సులో భర్త జ్ఞానశేఖర్ నవ్వాపుకోలేకపోయాడు. రైల్వేలో గుమాస్తా, జీవితంలో సైకిలెక్కని మనిషి. "ఇంకా నయం, నడిచొస్త అనలే. నాకు కూడ బూట్లు కొనాల్సొస్తుండె," అన్నాడు.

ఆమె నవ్వలేదు. రాజమల్లు ముఖంలో కనిపించిన చిన్న చిరునవ్వు ఆమెను కొరుక్కు తింటోంది. ఉపదేశి బిడ్డ పట్నం పోయి గొప్పలు నేర్చిందని రేపు ఊరు అనుకుంటే, చనిపోయిన తండ్రి పేరు కూడా పోతుంది. అదీ ఆమె బాధ.

ఎండాకాలం పోయి వానలు పడ్డాక బాలరాజు దగ్గరికి వెళ్ళింది. స్టేషను పక్క సందులో అతని సైకిలు రిపేరు దుకాణం. పాలమూరు పల్లె నుంచి కూలికి వచ్చి, రెంచీ పట్టి, ఇరవై ఏళ్ళుగా ఆమె సైకిలుకు ఒక్కడే డాక్టరయ్యాడు. అతనిదొక తిక్క పద్ధతి. ఎవరు ఏ సైకిలు తెచ్చినా ముందు సైకిలు వైపు చూడడు. టైరు గాళ్ళలో ఇరుక్కున్న మట్టిని గోటితో గీకి చూస్తాడు. ఆ మట్టిని బట్టి మనిషి ఏ బస్తీ నుంచి వచ్చాడో చెప్పేవాడు. చాలాసార్లు తప్పయ్యేది కాదు.

విషయమంతా విని, "గీ సైకిల్ మీద పోవచ్చు టీచరమ్మా. గనీ నర్సాపూర్ అడివిల ఎక్కుడు దిగుడు ఉంటది. దీనికి గేర్లు లెవ్వు, బరువు గంత. సైకిల్ పోతది, మీ నడుము గాడనే ఉంటది," అన్నాడు.

"మరి కొత్తది చూద్దాం. ఏది కొనాలె?"

"తొవ్వ ఎట్లుంటది?"

"ఎనభై అయిదు కిలోమీటర్లు తారు రోడ్డు. ఆఖరి తొమ్మిది తారు లేదు, ఎర్ర కంకర మొరం."

"మొరమంటే ఎట్లాంటి మొరం? సన్నదా, గుండ్లా? గా మన్ను చూడకుంట నేను మాట చెప్ప."

ఇంకొకరైతే విసుక్కునేవారు. జిప్పోరా మరుసటి ఆదివారం బస్సెక్కి ఏదులగూడెం అడ్డరోడ్డు దాకా వెళ్ళి, స్టీలు టిఫిను డబ్బా నిండా మొరం నింపుకుని వచ్చింది. బస్సులో పక్క సీటావిడ ఆ డబ్బా తెరిచి చూసి, మళ్ళీ మూత పెట్టి, దిగేదాకా ఎడంగా జరిగి కూర్చుందట.

బాలరాజు ఆ మొరాన్ని అరచేతిలో పోసుకుని నలిపి చూశాడు. "సన్నదే. నడుమ నడుమ శనగల మందం రాళ్ళున్నయి. పండుగ నాటికి ఎండి జారుతది. పాండ్రి, పోయి చూద్దాం," అన్నాడు.

హిమాయత్‌నగర్‌లో ఏడాది కిందట విదేశీ సైకిళ్ళ దుకాణం ఒకటి తెరిచారు. యజమాని రామచందర్. లోపల అద్దాలు, ఏసీ, గోడలకు వేలాడే సైకిళ్ళు. పంజాబీ డ్రెస్సులో, టిఫిను డబ్బా చేతిలో పెట్టుకున్న టీచరమ్మ, గ్రీజు చేతుల బాలరాజు, వెనక జ్ఞానశేఖర్ వరసగా లోపలికి వచ్చేసరికి ఆయన ముందు కరెంటు బిల్లు వాళ్ళనుకున్నాడు.

సంగతి తెలిశాక మాత్రం చాలా మర్యాదగా ఎర్ర రేసు సైకిలు ఒకటి దించాడు. "లాంగ్ డిస్టెన్స్ అంటే ఇదే మేడం. ఒక్క వేలితో ఎత్తండి," అన్నాడు. ఆమె ఎత్తింది, ఎత్తగానే మనసు పారేసుకుంది. వీధిలో అటు చివరిదాకా తొక్కి వచ్చింది. గాలిలో తేలినట్టే ఉంది. ఇరవై మూడేళ్ళు ఇనుము తొక్కిన కాళ్ళకు అది కలలా తోచింది.

జ్ఞానశేఖర్‌కు మూలనున్న లావు టైర్ల కొండ సైకిలు నచ్చింది. ముందు స్ప్రింగులున్నాయి, గుంతలకు బాగుంటుందన్నాడు. బాలరాజు దాన్ని ఒకసారి ఎత్తి కింద పెట్టి, "మొరంకు మంచిదే సారూ. గనీ గీ బరువును ఎనభై అయిదు కిలోమీటర్లు ఎవరు గుంజాలె? మీరా?" అన్నాడు. జ్ఞానశేఖర్ స్ప్రింగుల మీంచి చెయ్యి తీసేశాడు.

తర్వాత బాలరాజు ఎర్ర సైకిలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ముందు చక్రానికీ, దాన్ని పట్టుకున్న చీలికకూ మధ్య చిటికెన వేలు పెట్టి చూశాడు. దూరలేదు. "వద్దు టీచరమ్మా. ఇంకింత లావు టైరు ఎక్కిద్దామంటే సందు లేదు. హ్యాండిలు గింత కిందికుంది, ఆరు గంటలు ఒంగితే మెడ పనికిరాదు. గీ సన్నపు టైరు మొరంల కోస్తది, జారుతది," అన్నాడు.

జిప్పోరాకు కోపమొచ్చింది. నచ్చినదాన్ని కాదంటే ఎవరికైనా వస్తుంది. "నీకు గేర్ల సైకిళ్ళ సంగతి ఏం తెలుసు బాలరాజూ? ఇన్నేండ్లల్ల పంచర్లు తప్ప ఏమన్న చేసినవా?" అనేసింది. బాలరాజు తల దించుకున్నాడు. టిఫిను డబ్బా అందుకుని బయటికి నడిచాడు.

దుకాణం పక్క సందులో పైపుల కోసం తవ్వి పూడ్చిన జాగా ఉంది, గట్టి నేల మీద కంకరపొడి పలచగా పరుచుకుని. దాని మీద డబ్బా కూడా బోర్లించి, కాలితో నెరిపి, "తొక్కుండ్రి టీచరమ్మా. జారకుంట పోతే నేనే మీకు బిల్లు రాపిస్త," అన్నాడు. రామచందర్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

ఆమె పంతంగా ఎక్కింది. పది అడుగులు బాగానే వెళ్ళింది. మలుపు తిప్పేచోట ముందు చక్రం కాళ్ళ కింద చాప లాగినట్టు జారిపోయింది. హిమాయత్‌నగర్ నడిబజారు పక్కన, వేలమంది పిల్లలకు నిటారుగా నిలబడటం నేర్పిన డ్రిల్ టీచరు మోచేతులు గీరుకుని బోర్లా పడింది. సైకిలుకు ఏమీ కాలేదు, రామచందర్ ముందు చూసుకున్నది అదే.

లేచి దుమ్ము దులుపుకుంది. కోపం మొరంలోనే రాలిపోయినట్టుంది. "బాలరాజూ, తప్పు మాటన్న. ఏది కొనాలో నువ్వే చెప్పు," అంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూడనట్టు ఆమె మోచేయి తుడుచుకుంది.

బాలరాజు మళ్ళీ లోపలికి వెళ్ళి గోడలన్నీ వెతికాడు. చివర మూలన బూడిదరంగు సైకిలొకటి, దాని మీద రేటు చీటీ కూడా వెలిసిపోయి ఉంది. హ్యాండిలు రేసు సైకిలుదే, వంపు తిరిగినదే, కానీ నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉంది. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. వెనుక పళ్ళ చక్రం పళ్ళెమంత ఉంది, ఎక్కుడు తేలికవుతుంది. చీలికలో వేలు పెడితే అటూ ఇటూ ఆడింది.

"అది అంత స్పీడుండదు మేడం," అన్నాడు రామచందర్ మొహమాటంగా. "దూరాలు తొక్కేవాళ్ళ కోసం చేసింది. చూడటానికి సాదాగా ఉందని ఎవరూ అడగరు."

"నేను పందేనికి పోతలేను. గుడికి పోతున్న," అంది జిప్పోరా. అదే సందులో, అదే మొరం మీద, అదే మలుపు మూడుసార్లు తిప్పింది. మూడోసారి ఈల కూడా వేసింది. ధర విని జ్ఞానశేఖర్ గోడ పట్టుకున్నాడు గానీ, భార్య ముఖం చూసి కాదనలేకపోయాడు.

బాలరాజు దానికి కాస్త లావు టైర్లు ఎక్కించాడు. సీటు ఎత్తు ఆమె కాలి కొలతతో మూడు రోజులు సరిచేశాడు. "మొరం మొదలైనంక జర గాలి తీయుండ్రి, టైరు నేలను పట్టుకుంటది," అని పదిసార్లు చెప్పాడు. ఆమె ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ముప్ఫై, యాభై, డెబ్భై కిలోమీటర్లు తొక్కి వచ్చేది.

2007 నవంబరు పండుగ నాడు తెల్లవారకముందే బయలుదేరింది. చీర సంచితో జ్ఞానశేఖర్ బస్సులో ముందే వెళ్ళిపోయాడు. బాలానగర్ దాటేసరికి వెలుగొచ్చింది. నర్సాపూర్ అడవి ఎత్తుల్లో గేరు మార్చుకుంటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. కౌడిపల్లిలో చాయ్ తాగింది. హోటలతను డబ్బులు తీసుకోకుండా సైకిలును మాత్రం చుట్టూ తిరిగి చూశాడు. తారు రోడ్డు అయిపోయేసరికి నడుము నొప్పి లేదు, మెడ బాగానే ఉంది. తొడలు మాత్రం మంటలు. అడ్డరోడ్డు దగ్గర దిగి, బాలరాజు చెప్పినట్టు గాలి కాస్త తీసి, మొరంలోకి దింపింది.

రెండు కిలోమీటర్లు పోగానే వెనుక నుంచి ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, వాటి మీద పండుగ జనం. అందరికంటే పైన రాజమల్లు.

"బిడ్డా, గింత దూరమొచ్చినవ్ చాలు. ఎక్కు, సైకిల్ కూడ ఎక్కిస్తం. ఎవ్వరం ఏమనం," అన్నాడాయన. ఈసారి ఆ ముఖంలో నవ్వు లేదు, నిజమైన జాలి ఉంది. ఎక్కెయ్యాలనిపించింది. ఎక్కితే నిజంగానే ఎవరూ ఏమీ అనరు. అదే ఆమెకు నచ్చలేదు.

"వద్దు పెద్దయ్యా. నేను అన్నది గుడిదాక," అంది.

రాజమల్లు డ్రైవరు భుజం మీద తట్టాడు. ట్రాక్టరు ఆమెను దాటిపోలేదు, ఆమె వేగానికి తగ్గి వెనకే నడిచింది. దిగుడులో వెనుక చక్రం ఒకసారి ఊగింది, నిలబెట్టుకుంది. ట్రాలీ మీది ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఏడు కిలోమీటర్లు పాట ఆగలేదు, ఆమె కాలూ కింద పెట్టలేదు.

గుడిలో అయ్యగారు ఆరాధన మొదలుపెట్టకుండా గుమ్మంలో నిలబడి ఉన్నారు. పక్కన జ్ఞానశేఖర్ చీర సంచి పట్టుకుని, ఎవరికో చూపుడు వేలితో ఆమెను చూపిస్తూ, "గామెనే, గామెనే," అంటున్నాడు. చీర మార్చుకునే ఓపిక లేదు. మొరం దుమ్ముతో ఎర్రబడ్డ పంజాబీ డ్రెస్సుతోనే వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కూలబడింది.

సాక్ష్యాల సమయం రాగానే అయ్యగారు ఇంకెవరినీ పిలవలేదు. జిప్పోరా గోడ పట్టుకుని లేచింది. దారంతా మనసులో రాసుకున్న నాలుగు మంచి మాటలూ ఎటు పోయాయో.

"వచ్చిన," అంది. ఊపిరి పీల్చుకుని, "సైకిల్ మీదనే వచ్చిన," అని కూర్చుంది.

మూడు వందల మంది ఆమేన్ అన్నారు. అందులో రాజమల్లు గొంతు ఆమెకు విడిగా వినబడింది. గర్వం పాపమని ఆమెకు బాగా తెలుసు, ఉపదేశి బిడ్డ కదా. దాని గురించి రేపు మోకరించి క్షమాపణ అడుక్కుందామనుకుంది. ఈ రోజు మోకాళ్ళు ఎలాగూ వంగవు.