పాటల సాఫ్ట్‌వేరూ టీ ఖర్చులూ

నేను చెల్లెలిగా చూసుకునే ఎదురింటామె కడప ఆసుపత్రిలో పోయిందని తెల్లవారి ఆమె భర్త ఫోన్ చేశాడు. నాతో పెట్టుకున్న వాదం తేల్చకుండా ఎట్లా పోతుందప్పా అన్నాను. దుఃఖంలో బుద్ధి పనిచేయదంటారు. నాది మామూలు రోజుల్లోనూ అంతంతమాత్రమే.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం ఆమెది. సాయంత్రాలు ఇంటికొచ్చి, చర్చి గోడ మీద పాటలు అక్షరాలుగా పడే సాఫ్ట్‌వేర్ రాసింది. దాని లోపలి రాత, అంటే కోడ్, కూడా అందరికీ తెరిచి పెట్టింది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, సరిచేయొచ్చు. కొందరు మెచ్చుకుని ఫోన్‌లో డబ్బు పంపేవారు. వెంటనే తిప్పి పంపేది.

"టీ తాపిచ్చినారనుకో మ్మా," అనేవాణ్ణి. నేను రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. బాగుచేయించుకున్నవాళ్లు ఇచ్చిన బీడీని కాదంటే ఆ రేడియో మళ్లీ పాడవుతుందని మా పక్క నమ్మకం. ఆ నమ్మకం పుట్టించింది నేనే, అది వేరే సంగతి.

"టీ తాగినాక, పోసినోళ్ల మొగం గుర్తుండదాన్నా?" అనేది.

నా పోరు పడలేక ఒక్కసారి కర్నూలు పెద్ద చర్చి పంపిన డబ్బు ఉంచుకుంది. ఆ వారమే వాళ్ల దగ్గర సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా వచ్చింది. కోసిగి నుంచి ఒక చిన్న చర్చివాళ్లూ పాటలు పడడం లేదని రాశారు. సుగ్గికి, అంటే వలసకూలికి, పోయేముందు అందరూ కలిసి ప్రార్థన చేసుకోవాలట. ఈమె కర్నూలు పని ముందు చేసింది. కోసిగిది అయ్యేసరికి ఆ ఊరివాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు.

"సులువని ముందు చేసినానా, దుడ్లిచ్చినారని చేసినానా? నాకే తెలీడం లేదన్నా."

"సులువనే లే మ్మా."

"నీకెట్ల తెలుసు?"

నాకెట్లా తెలుస్తుంది? ఆ డబ్బు తిప్పి పంపింది. మా కానుక పనికిరాలేదా అని కర్నూలు పాస్టరుగారు నొచ్చుకున్నారు. అదీ న్యాయమే అనిపించింది నాకు. ఈమెదీ న్యాయమే అనిపించింది. రెండూ న్యాయమైతే తప్పెక్కడుందో ఇప్పటికీ అంతుచిక్కలేదు.

సమాధి చేసిన మర్నాడు కోసిగి నుంచి ఆలుమగలు రైలెక్కి వచ్చారు. "మా సంఘమంతా కలిసి పంపిచ్చినారు సామీ," అంటూ గేటుకు ఒక కోడిపెట్టను కట్టి, రైలుకు పొద్దైందని కూర్చోకుండానే వెళ్లిపోయారు.

"ఆమె ఉంటే తీసుకోదన్నా," అన్నాడు భర్త. "తిప్పి పంపితే వాళ్లు యాడ చూస్తారు మన మొగం? ఏం చేయాల?"

"నన్నడిగితే ఎట్లప్పా?"

తాడు సాగినంత మేర ఆ కోడి గడప దాకా వచ్చింది. లోపలికి తొంగిచూసింది. మళ్లీ వీధివైపు తిరిగింది. మేమిద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.