అట్ట మీది పాము కథ

మొన్న ఆదివారం మా ఆడపడుచు క్లాంగ్ ఊరి నుంచి రైలెక్కి మా ఫ్లాటుకు వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఒదినా, అన్నియ్య రికార్డులు నాకిచ్చీ లా. నీకేటి పని ఆటితో? ఒక్కనాడైనా కూకుని ఇన్నావా?" అంది. మాట చివర 'లా' అనడం ఈ దేశానికి వలస వచ్చిన మావాళ్ళందరికీ అలవాటే. విననిమాట నిజమే. అయినా ఇవ్వబుద్ధి కాలేదు. మా ఆయన పోయి ఏడాదైంది. ఆ మూడు రికార్డుల మీద నా కోపానికి మాత్రం యాభై ఏళ్ళు.

సుంగై సుమున్ ఊరి దగ్గర ఎస్టేటులో మా ఆయన చిన్నదొర కారు నడిపేవాడు. దొర తన దేశం వెళ్ళిపోతూ పాత రికార్డు ప్లేయరూ, దానితో మూడు రికార్డులూ ఇచ్చాడు. డెబ్బైల మొదట్లో వచ్చిన ఇంగ్లీషు రాక్ పాటలు, జనాన్ని జడిపించడానికే కట్టినవి. ఒక అట్ట మీద కళ్ళచుట్టూ మసి పూసుకున్న మగాడు, మెడలో పాము. ఇంకోదాని మీద తల తెగిన బొమ్మ. మూడోదాని మీదున్నది నెత్తురో ఎర్ర రంగో ఇప్పటికీ చెప్పలేను. పాట మధ్యలో గావుకేకలు. కూలీల లైను ఇళ్ళలో మాకూ పక్కింటికీ మధ్య చెక్క గోడే కాబట్టి, కేక వచ్చినప్పుడల్లా అవతలి ముసలమ్మ "ఎవుల్ని సంపుతున్నార్రా?" అని గోడ బాదేది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాచెల్లెళ్ళిద్దరూ చాప మీద కూర్చునేవారు. ఆమెకు అప్పటికి పెళ్ళి కాలేదు, మాతోనే ఉండేది. అట్ట ఒళ్ళో పెట్టుకుని, వెనకవైపు సన్నటి అక్షరాల మీద వేలు నడుపుతూ చదివి చెప్పేది. ఆ పాము ఒక రాజుగారి బావమరిదట, శాపం తగిలిందట. మసి కళ్ళవాడు ఆ బావమరిది కోసం ఏడ్చి ఏడ్చి కాటుక కార్చుకున్నాడట. వాడికి తల నరికితే వారంలో మళ్ళీ మొలుస్తుందట. కేక రాబోయే ముందు వేలెత్తి, "అద్గదిగో, ఇప్పుడు నరుకుతారు సూడు!" అనేది. సరిగ్గా అప్పుడే కేక. మా ఆయన తొడ చరుచుకుని నవ్వేవాడు. నా మాటకు ఆయన అలా నవ్వింది నేనెరగను. వంటింట్లో ఎండునెత్తళ్ళు మాడ్చుకుంటూ, నాకూ నాలుగు అక్షరాలు వచ్చుంటే ఆ చాప మీద నేనుండేదాన్ని కదా అనుకునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నీకేటర్థమవుద్ది, టీ ఎట్టు" అన్నాడు. కావాలని పంచదార వేయకుండా ఇచ్చాను. కథ వింటూ తాగేశాడు. గమనించనేలేదు.

అరవై దాటాక పట్నంలో బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఆదివారం తరగతికి వెళ్ళి ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందరూ పట్టుదల అని మెచ్చుకున్నారు. నిజానికి అది కడుపుమంట. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని ఆ అట్ట నేనే చదివి చెప్పాలని. తప్పు చదివితే నవ్వుతాడేమోనని రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే ఆయన వెళ్ళిపోయాడు.

అందుకే మొన్న ఆడపడుచు ఎదుటే రికార్డుల పెట్టె దించి, "ఇప్పుడు నేనూ చదవగలను" అని కళ్ళద్దాలు పెట్టుకున్నాను. కూడబలుక్కుంటూ చదివాను. ఎవరో డ్రమ్స్, ఎవరో గిటార్, ఎవరో ఫోటో. అట్ట తిరగేశాను, మళ్ళీ తిరగేశాను. రాజూ లేడు, బావమరిదీ లేడు. పక్కనున్న మనవరాలికి చూపిస్తే, "స్టోరీ ఏటీ లేదు లా, అమ్మమ్మా. వాయించినోళ్ళ పేర్లే" అంది.

ఆడపడుచు పడీ పడీ నవ్వింది. "నాకింగ్లీసెక్కడొచ్చొదినా? తమిళ బడిలో రెండో క్లాసు. బొమ్మ సూసి అల్లినాను."

"మరి మీ అన్నయ్యకు ఈ సంగతి తెలుసా?"

"తెల్దేటి! ఆదివారం వచ్చీసరికి అన్నియ్యే అడిగీవోడు, పాము సంగతి ఏటైందే అని."

పెట్టె ఆమెకే ఇచ్చేశాను. నాకు కావలసింది అందులో ఎప్పుడూ లేదు. అక్షరాలంటే ఈ వయసులోనైనా దిద్దుకున్నాను. బొమ్మ చూసి కథ అల్లి, అబద్ధమని తెలిసిన మనిషిని కూడా వచ్చే వారం దాకా ఎదురుచూసేలా చేయడం ఏ తరగతిలో నేర్పుతారు? రోజులు గడిస్తే అసూయ చల్లారుతుందంటారు. నా విషయంలో కాలం యాభై ఏళ్ళు ఊరుకుని, దాని అసలు కారణం ఇప్పుడు తెచ్చి చేతిలో పెట్టింది.