బల్ల మీద చోటు

ప్లీడరీ వదిలి డిప్యూటీ కలెక్టరునైనా నేను రైతుల మనిషినేనని సన్మానసభల్లో పొగుడుతుంటారు. అది నిజం కాదు.

మన్యంలో గొడవలు అణిగిన కొత్తలో, నర్సీపట్నం రోడ్డు రైలు స్టేషన్లో గొలుగొండ రైతు ఒకాయన బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు.

"అడివిలో మేసినాయని నా ఎడ్లని బందెలదొడ్లో ఎట్టేసినారండి. రేపే ఏలం. మంచి ప్లీడరుంటే సెప్పండి బాబూ," అన్నాడు.

ఆ వేలం ఉత్తర్వు నాదే. ఆ మాట చెప్పేలోపే నా బంట్రోతు పరుగున వచ్చాడు.

"డిప్టీ కలెక్టరు గారి పక్కన కూకున్నావేట్రా! లెగు!"

రైతు చప్పున లేచాడు.

"కూర్చోవయ్యా. నీ పేరు చెప్పు, ఎడ్లను విడిపిస్తాను," అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్లీ అడిగాను. విసుగెత్తి, "కూర్చో!" అని అరిచాను.

నేల మీద కూర్చుని చేతులు జోడించాడు.

"నాకు ఎడ్లే లేవు బాబూ."